కొనేవాళ్లనూ లెక్కపెట్టండి

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

ట్రంకురోడ్డు గురించి మీ దగ్గరికి వచ్చేవాళ్లు మూడు రకాలు. బండ్లు అడ్డంగా ఉన్నాయని అంగళ్లవాళ్లు వస్తారు. బండ్లు తీసేస్తే బతకలేమని బండ్లవాళ్లు వస్తారు. అటు సగం ఇటు సగం పోయి రోడ్డు మిగల్లేదని ట్రాఫిక్ పోలీసులు కాగితం పెడతారు. ముగ్గురికీ సంఘమో శాఖో ఉంది, లెటర్‌హెడ్ ఉంది. ఆ రోడ్డు మీద డబ్బు ఖర్చుపెట్టి పోయేవాళ్లకే ఏ సంఘమూ లేదు. సంచీ తగిలించుకుని చిన్నబజారుకు నడిచివచ్చే మూలాపేట ఆడవాళ్లు, పెళ్లిబట్టలకని ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చే కుటుంబాలు, పిల్లల పుస్తకాలకూ బూట్లకూ పొదలకూరు రోడ్డు నుంచి స్కూటరు మీద వచ్చే తండ్రులు, వీళ్లంతా ఒక గుంపే గానీ సంఘం కాదు. ఆ గుంపులో ఒకదాన్ని నేను. అందుకే అర్జీ పెట్టకుండా ఇలా నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

బజారు కొలతలు మీ దగ్గర ఉండే ఉంటాయి. రోడ్డు వెడల్పెంత, కాలువ పొడవెంత, ఆక్రమణలెన్ని, ఏ కూడలిలో గంటకెన్ని వాహనాలు పోతున్నాయి. మేం ఎంతమందిమి వస్తున్నాం, ఎట్లా వస్తున్నాం, ఏం కొంటున్నాం, ఏం కొనకుండానే వెనక్కి పోతున్నాం అన్న లెక్క ఏ ఫైల్లోనైనా ఉందా? ఉంటే జనానికి చూపించండి. లేకపోతే ఈసారి ట్రంకురోడ్డు మీద ఏ పని తలపెట్టినా ముందు ఆ లెక్క తీయించండి. ఇంత పొడుగు ఉత్తరంలో నేను అన్నిటికంటే ముందు అడిగేది ఇదే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి, దాంతో పాటు వచ్చే చిన్న మనవులు చెప్పడానికి.

మేం కొనే తీరు పైనుంచి చూసేవాళ్లకు గజిబిజిగా ఉంటుంది గానీ దానికో వరస ఉంది. బియ్యం బస్తా, నెలసరుకులు స్టోన్‌హౌస్‌పేటలో. జీతాలు పడ్డ వారంలో ఒకసారి పోయి, ఆటో మాట్లాడుకుని వేయించుకుని వస్తాం. వడ్ల ధర ఇప్పటికీ పుట్టికింతని చెప్పుకునే ఊరు మనది, పుట్టంటే 850 కిలోలు. బియ్యం విషయంలో నెల్లూరివాళ్లను మభ్యపెట్టడం తేలిక కాదు. మొలగొలుకులు తిని పెరిగిన ముసలివాళ్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు, ఇప్పటి సన్నబియ్యం ఎంత తెల్లగా ఉన్నా మూతి విరుస్తూనే తింటారు. కూరగాయలకు పొద్దున్నే ఫతేఖాన్‌పేట రైతుబజారు. 1999లో రైతుబజార్లు వచ్చినప్పటి నుంచీ చాలా ఇళ్లకు అది అలవాటు. ఉద్యోగాలకు పోయే ఆడవాళ్లకు పొద్దున కుదరదు. వాళ్లకు రైతుబజారంటే సాయంత్రం ఆరు తర్వాత రోడ్డు పక్కన లైటేసుకుని నిలబడే తోపుడు బండే. చేపలు ఆదివారం, అదీ పొద్దున్నే, మైపాడు వైపు నుంచి వచ్చిన తట్ట ముందు కూర్చుని మొప్పలెత్తి చూసి బేరమాడితేనే తృప్తి. బట్టలు, గాజులు, స్టీలు సామాన్లు, చెప్పులు చిన్నబజారులో, ట్రంకురోడ్డులో. బంగారం ఆచారి వీధిలో.

ఇక చిన్నబజారుకు పోయిన రోజు ఏం జరుగుతుందో చూడండి. బరువుండేదీ నలిగేదీ చివరికి పెట్టుకుంటాం. ముందు మ్యాచింగ్ సెంటరు. చీర అంచుకు సరిపోయే జాకెట్టు గుడ్డ లోపల ట్యూబులైటు కింద ఒక రంగు, బయట ఇంకో రంగు. అందుకని గుడ్డ పట్టుకుని అంగడి మెట్టు దిగి వెలుతురులో పెట్టి చూస్తాం. ఈ పని ఏ ఫోనూ చేసిపెట్టదు. తర్వాత ఫాల్ కుట్టడానికిచ్చి, అది అయ్యేలోపు స్టీలంగడికి పోయి పాత ఇత్తడి తూకానికేసి కొత్త గిన్నె తీసుకుంటాం. ఇంటిదారిలో ఆఖరున కూరలు, పూలు, అరటిపండ్లు. ఒక్క సంచీ, ఒక్క నడక, అయిదారు కొనుగోళ్లు. ఇందులో సగం అంగళ్లలో, సగం బండ్ల దగ్గర. పూలకోసం ఆగినావిడ ఎదురుగా అద్దాల వెనక వేలాడే చీర చూస్తుంది. చీరకొచ్చినావిడ పోతూ పోతూ రెండు మూరలు మల్లెపూలు తీసుకుంటుంది. బండ్లన్నీ తీసేస్తే అంగళ్లకు గిరాకీ పెరుగుతుందని అనుకునే వర్తకులు ఈ నడకను చూసినట్టు లేదు.

వాళ్ల బాధ పూర్తిగా అబద్ధమని అనను. మెట్టెక్కే దారికి అడ్డంగా బండి నిలిపితే ముందు ఇబ్బంది పడేది మేమే. పొగతోట ఆస్పత్రులకు పోవాల్సిన అంబులెన్సు గాంధీబొమ్మ కూడలి దగ్గర మోతపెట్టుకుంటూ నిలబడిపోతే మాకూ గుండె దడదడలాడుతుంది. కానీ అడ్డమంటే బండ్లేనా? ఒక కారు నిలబడటానికి దాదాపు 12 చదరపు మీటర్ల జాగా కావాలి. తోపుడు బండికి రెండున్నర చాలు. ఒక కారు కదలకుండా రెండు గంటలుండే చోట నాలుగు బండ్లు పెడితే వాటి దగ్గర ఆ రెండు గంటల్లో ఎంతమంది కొని పోతారో మీరే ఊహించండి. కారువాళ్లు కూడా మావాళ్లే, వాళ్లను పంపేయమని కాదు. మన రాష్ట్రంలో ఏ ఊరి బజారుకు పోయినా ప్లానులో పార్కింగని చూపించిన సెల్లారు గోడౌనుగా మారిన భవనాలు కనిపిస్తాయి. ట్రంకురోడ్డు మీద అట్లాంటివి ఎన్ని ఉన్నాయో చూసి, వాటిని మళ్లీ పార్కింగుకు తెరిపించండి. బండ్ల మీదికి జేసీబీ తోలడానికి పట్టే ధైర్యం కంటే దీనికి ఎక్కువ ధైర్యం కావాలని తెలుసు.

జనం బజారుకు రావడం తగ్గించారని వర్తకులే అంటున్నారు. నిజమే. ఫోను, చార్జరు, ఇయర్‌ఫోన్లు, పరీక్ష పుస్తకాలు ఇంటికే వస్తున్నాయి. ఆషాఢం తగ్గింపులకు తోసుకునే జనం తోసుకుంటూనే ఉన్నా, మామూలు రోజుల్లో మా వీధిలోనే చాలామంది మూడు పనుల్లో ఒకటి బజారులో, రెండు ఫోనులో కానిచ్చేస్తున్నారు. దర్గామిట్ట ఎంజీబీ మాల్‌కు పోయేవాళ్లందరూ అక్కడ ధర తక్కువని పోవడం లేదు. బండి పెట్టుకోవడానికి తావుంది, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు కూర్చోవడానికి తావుంది, మరుగుదొడ్డి ఉంది. బజారు ఓడిపోతున్నది సరుకులో కాదు, ఈ మూడింట్లో.

మరుగుదొడ్డి మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను, ఎవరూ ఆగరు గనక. పెళ్లి బంగారం కొనడం ఒక పూట పని. నమూనాలు చూడాలి, తూకం వేయించాలి, తరుగు దగ్గర వాదన, మజూరీ దగ్గర ఇంకో వాదన. 2023 ఏప్రిల్ నుంచి అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హాల్‌మార్కు గుర్తు లేనిది అమ్మకూడదు కాబట్టి అదీ భూతద్దంలో చూసుకోవాలి. పెళ్లికూతురు, తల్లి, అత్త, నాయనమ్మ, ఒక చంటిబిడ్డ, ఇంతమంది కలిసి వస్తారు. పెద్ద షోరూములో అయితే లోపలే వసతి ఉంటుంది. ఆచారి వీధిలో పదడుగుల అంగట్లో కూర్చున్నవాళ్లు ఎక్కడికి పోవాలి? "యాడికి పోయేదమ్మా, ఇంటికి పోయిందాకా గమ్మున కూర్చోవాల్సిందే" అంటారు. ట్రంకురోడ్డుకు పోయే రోజు ఆడవాళ్లు పొద్దుటి నుంచీ నీళ్లు తక్కువ తాగుతారు. మే నెల నెల్లూరు ఎండలో కూడా అంతే. షుగరు ఉన్నవాళ్లయితే రావడమే మానుకుంటారు. ఇది ఏ అర్జీలోనూ ఉండదు, సిగ్గు.

కొత్తవి కట్టడానికి ఆ వీధుల్లో జాగా లేదంటారా, ఒప్పుకుంటాను. జర్మనీలో ఆలెన్ అనే ఊరు 2000లో ఒక ఉపాయం చేసింది. అంగళ్లూ హోటళ్లూ తమ మరుగుదొడ్లను కొనని వాళ్లకు కూడా తెరిచి ఉంచితే, శుభ్రత ఖర్చుకు నగరసభ నెలనెలా కొంత ఇస్తుంది, తలుపు మీద ఒక గుర్తు అంటిస్తారు. తర్వాత చాలా ఊళ్లు దాన్ని అందుకున్నాయి. అంత దూరం ఎందుకు, దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ 2017లో హోటళ్ల మరుగుదొడ్లు అందరూ వాడుకోవచ్చని, మనిషికి అయిదు రూపాయల దాకా తీసుకోవచ్చని చెప్పింది. ట్రంకురోడ్డు మీద నాలుగంతస్తుల బట్టల షోరూములు, టిఫిన్ హోటళ్లు బోలెడున్నాయి. ఆస్తిపన్నులో కాస్త వెసులుబాటు ఇచ్చి, వాటిలో కొన్నిటిని ఒప్పించగలరు. గుర్తు బోర్డు మటుకు తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి, రాత్రి పది దాకా తలుపు తెరిచి ఉండాలి.

ఇక వాన. మన ఊరిని రైలుకట్ట రెండుగా కోసింది. పాత బజార్లన్నీ ఇటు, మాగుంట లేఅవుటు, మినీబైపాసు అటు. అటు నుంచి వచ్చే చాలామందికి అండర్‌బ్రిడ్జీలే దారి. గట్టి వాన పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి. నిలిచిన రోజు పడమటి నెల్లూరు బజారుకు రాదు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే దీపావళి గిరాకీ, కార్తీకమాసపు పెళ్లిళ్ల గిరాకీ ఉన్నప్పుడే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి హైవే తెగినప్పుడు ఊరే ద్వీపమైంది, దాన్ని ఎవరూ ఆపలేరు. అండర్‌బ్రిడ్జి మోటార్లు ముందురోజే ఆన్ చేసి చూసుకోవడం మాత్రం చేతిలో పనే. ఇది బజారు సమస్యని మీ ఇంజినీర్లు అనుకోరు. మాకు అది బజారు సమస్యే.

చట్టం మాట కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వీధి వ్యాపారుల కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షులు మీరే. సభ్యుల్లో నూటికి కనీసం నలభై మంది వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పోలీసులు, వర్తక సంఘాలు, బ్యాంకులు, కాలనీ సంక్షేమ సంఘాలూ అందులో ఉండాలి. అయిదేళ్లకోసారి సర్వే, ఊరి జనాభాలో రెండున్నర శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు. 2011 జనగణన నాటికే మనం అయిదు లక్షల దరిదాపుల్లో ఉన్నాం. ఆ లెక్కన చూసినా పన్నెండు వేలమందికి పైగా. సర్వే చేసి వ్యాపార ధ్రువపత్రాలిచ్చే దాకా ఎవరినీ లేపకూడదు, లేపాలన్నా నెల రోజుల ముందు నోటీసు. ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు నచ్చింది ఇంకోటి ఉంది. సహజంగా ఏర్పడిన బజారు అంటే ఏమిటో చెబుతూ ఆ చట్టం, అమ్మేవాళ్లతో పాటు కొనేవాళ్లు కూడా ఎన్నాళ్లుగానో వచ్చి చేరే చోటు అని రాసింది. అలాంటిది యాభై ఏళ్లు దాటి నడుస్తుంటే వారసత్వ బజారుగా ప్రకటించి, అక్కడివాళ్లను కదల్చవద్దంది. చిన్నబజారు వయసు యాభైకి ఎంత పైనో వేరే చెప్పాలా? దాన్ని అలా ప్రకటించే ప్రతిపాదన కమిటీ ముందుకు తెండి. ఆ కమిటీలో మా 54 డివిజన్ల నుంచి, బజారుకు నడిచి వచ్చే ఆడవాళ్లు కనీసం ఇద్దరికి కుర్చీ వేయండి. సంక్షేమ సంఘాల పేరుతో వచ్చేవాళ్లు మామూలుగా కారుల్లో వచ్చే రిటైరయిన పెద్దమనుషులు. వాళ్ల మీద కోపం లేదు, వాళ్లు కూరలు కొనరు అంతే.

మైపాడు గేటు దగ్గర 2025లో కంటైనర్లలో అంగళ్లు పెట్టి స్మార్ట్ స్ట్రీట్ తెరిచారు. శుభ్రంగా ఉంది, సాయంత్రం పిల్లలతో పోయి ఏదైనా తినడానికి బాగుంటుంది. అదొక కొత్త బజారు అయితే సంతోషం. ట్రంకురోడ్డు బండ్లన్నిటినీ అట్లాంటి చోటికి పంపేయవచ్చనే ఆలోచన ఎవరికైనా వస్తే మాత్రం, మద్రాసు టీ నగర్‌లో ఏం జరిగిందో ఒకసారి కనుక్కోండి. మద్రాసు బజారు మాకు పరాయిది కాదు. మూడు గంటల రైలు ప్రయాణం, పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఒక్కసారైనా పోయొస్తారు. టీ నగర్ పాండీబజారు ఫుట్‌పాత్ వ్యాపారులను 2013లో అక్కడే ఒక కాంప్లెక్సు కట్టి అందులోకి మార్చారు. నడిచేవాళ్లు మెట్లెక్కి రారు, మాకు వ్యాపారం పడిపోయిందని వాళ్లు మొత్తుకున్నారు. అదే రోడ్డులో 2019లో వాహనాల జాగా తగ్గించి ఫుట్‌పాత్‌ను వెడల్పు చేశారు, బెంచీలు వేశారు, చెట్లు పెట్టారు. ఇప్పుడు పోయిచూస్తే పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు, పిల్లలు చేయి వదిలించుకుని నడుస్తుంటారు. ఒకే రోడ్డు, రెండు పనులు. రెండోది మా లాంటి నడిచేవాళ్లను చూసి చేసిన పని.

ట్రంకురోడ్డును అంత చేయమని అడగను. ఒకప్పటి మద్రాసు–కలకత్తా దారి అది, హైవే ఊరి బయటికి పోయాక కూడా ఊరి సగం ట్రాఫిక్కు దాని మీదే. కానీ చిన్నబజారును శుక్రవారం నుంచి ఆదివారం దాకా సాయంత్రం నాలుగు గంటలసేపు వాహనాలు లేకుండా ఉంచి చూడొచ్చు. కాలువ మూతలు సమంగా పరిపించొచ్చు, గాంధీబొమ్మ దగ్గర ముసలివాళ్లు దాటే దాకా ఆగే సిగ్నలు పెట్టొచ్చు. బండ్ల దగ్గర తీసుకునే ఆశీలు రుసుము ఎక్కడ, ఎంత, ఎవరు వసూలు చేయాలో బోర్డు పెట్టొచ్చు. బండి దగ్గర వసూలు చేసేదేదైనా టమాటా ధరలో కలిసి మా సంచీలోకే వస్తుంది మరి.

ఇదంతా మన కార్పొరేషనుకు చేతకాదని నేను ఒప్పుకోను. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువు దగ్గరికి మూడు నాలుగు రాష్ట్రాల నుంచి లక్షల మంది వస్తారు. అయిదు రోజులపాటు తాగునీళ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, లైట్లు, తప్పిపోయిన పిల్లల కోసం మైకు, ఎక్కడ బండి పెట్టాలో చెప్పే బోర్డులు, అన్నీ ఉంటాయి. వచ్చేవాళ్లు ఎంతమందో ముందే అంచనా వేసుకుంటారు కాబట్టే అది కుదురుతోంది. బారాషహీద్ దర్గా దగ్గర మనుషులను లెక్కపెట్టే చేతులే గాంధీబొమ్మ దగ్గర వాహనాలను లెక్కపెట్టి ఊరుకుంటున్నాయి.

లెక్క ఎట్లా తీయాలో కూడా చెబుతాను, దుబారా ఏమీ లేదు. మన కాలేజీ పిల్లలను పాతికమందిని తీసుకోండి. ఒకటో తారీకు తర్వాతి శుక్రవారం ఒకటి, మామూలు మంగళవారం ఒకటి, పండగ ముందురోజు ఒకటి. గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటరు, ఆచారి వీధి మొదలు, చిన్నబజారు కొస, ఈ నాలుగు చోట్ల పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబెట్టండి. సంచీతో పోతున్నవాళ్లను అడిగించండి. ఏ పేట నుంచి వచ్చారు, నడిచా, ఆటోలోనా, బండి మీదా. ఏం కొన్నారు, ఎంతసేపు పట్టింది. ఏది కొనాలని వచ్చి కొనకుండా పోతున్నారు, ఎందుకు. ఆఖరి ప్రశ్న ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. జవాబులు తెలుగులో మీ ఆఫీసు ముందు అంటించండి, మేం చదువుకుంటాం.

ఒకవేళ లెక్కలన్నీ అయి, కాలువలకో ఫుట్‌పాత్‌లకో తవ్వకం తప్పదని తేలితే, మొదలుపెట్టే తేదీ విషయంలో ఒక మనవి. దసరాకూ సంక్రాంతికీ మధ్య వద్దు, వానలూ అప్పుడే, గిరాకీ అప్పుడే. రంజాన్ నెలలో వద్దు. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం ముందు వద్దు, అక్షయ తృతీయ ముందు అసలే వద్దు. టెండరు కాగితం పక్కన పంచాంగం కూడా పెట్టుకుని, వానలు లేని రోజుల్లో మూఢం ఎప్పుడొస్తుందో చూడండి. మూఢంలో ముహూర్తాలుండవు, ఆచారి వీధిలో తక్కెడలు ఖాళీగా ఉంటాయి, బట్టల షోరూముల్లో అమ్మేపిల్లలు గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తుంటారు. ఎంత కావాలంటే అంత తవ్వుకోవచ్చు. మూఢం పోయేలోపు పూడ్చేయాలి.

ఇట్లు,
చిన్నబజారులో కొనే ఒక మూలాపేట గృహిణి
నెల్లూరు